బూడిద ఏ రంగులో ఉంది?

ఏలూరు స్టేషన్‌లో దిగేసరికి ఇంకా చీకటి విడలేదు. మార్గశిరం మంచు ప్లాట్‌ఫాం దీపాలను కమ్మేసి ఒక్కొక్కదాన్నీ వెన్నముద్దలా చేసింది. బయటికి రాగానే ఆటో అబ్బాయి నా సంచి అందుకుంటూ “ఏ ఊరండి తమది?” అన్నాడు. తాడిపత్రి అన్నాను. “అబ్బో, దూరాభారం నుంచే వచ్చారండి. ముందు టీ తాగండి, తర్వాత ఎక్కుదురుగాని” అని బండి పక్కకు పెట్టేశాడు. బేరం మాట టీ గ్లాసు ఖాళీ అయ్యాకే వచ్చింది.

కాలువ గట్టు మీదికి చేరేటప్పటికి తూరుపు తేలింది. గోదావరినీ కృష్ణనూ కలిపే ఏలూరు కాలువ అది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసింది 1852లో, బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. ఆ రెండు నీళ్లూ ఈ ఊళ్లో కలుసుకుంటాయి. ఒకప్పుడు దీని మీదే పడవల్లో ధాన్యం, మనుషులు, పెళ్లివారు ప్రయాణాలు చేశారు. గట్టు మీద ఒకామె బిందె ముంచి, సగం పారబోసి, మళ్లీ ముంచింది. మొదటి నీళ్లలో నాచు వచ్చినట్టుంది. ఆ పారబోతను నేను చూస్తూ ఉండిపోయాను. మాది పెన్న ఒడ్డు. అయినా ఏట్లో నీళ్లకంటే ఇసుక చూసిన రోజులే ఎక్కువ. మా అవ్వ బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, కూరగాయలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేది. పొదుపు అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడలేదు, అది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి.

అలాంటి ఇంట్లో పుట్టిన నాకు పొదుపును ఒక వృత్తిగా నేర్పినవారు మాత్రం నీళ్లకు, ఊకకు, ధాన్యానికి కొదవలేని ఈ గోదావరి నేల మనిషి. ఆయన్ను చూడడానికే ఈ ప్రయాణం. మాస్టారికి ఎనభై దాటాయి. కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున సొంత ఊరికి వెళ్లిపోయి పదేళ్లయింది. ఈసారి నేను ఒక్కణ్నే రాలేదు. నా స్నేహితుడి కూతురు, మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు చదువుతున్న పిల్ల, బెజవాడ నుంచి వేరే బండిలో వచ్చి గట్టు మీద కలిసింది. వీపున సంచి, అందులో నాలుగు లావుపాటి పుస్తకాలు. “ఇవి కంఠతా వచ్చాయి బాబాయ్. అయినా ఫ్యాక్టరీలోకి అడుగుపెడితే ఎటు చూడాలో తెలియట్లేదు” అని వారం కిందట ఫోన్లో చెప్పింది. పాతికేళ్ల కిందట నేను అన్న మాట దాదాపు అదే.

టిఫిను హోటల్లో పెసరట్టు ఉప్మా తెచ్చిన పెద్దాయన అమ్మాయి ఆకులో అల్లప్పచ్చడి అయిపోవడం చూసి, అడగకుండానే వేశాడు. మా వైపు చెంబు నిండా మజ్జిగ ఇచ్చి ‘తాగునాయనా’ అని ఊరుకుంటారు. ఇక్కడ పక్కనే నిలబడి తినేవాణ్ని గమనిస్తారు. ఎవరికి ఏం కావాలో అడగకముందే కనిపెట్టే ఆ అలవాటు నా వృత్తికి ఎంత పనికొచ్చేదో తర్వాత రెండు రోజుల్లో మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది.

భీమడోలు, పూళ్ల, కైకరం, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్లే దారంతా కోతలైన చేలు. రోడ్డు పక్కన పరిచిన ధాన్యాన్ని కాలితో బారలు తీస్తూ ఆడవాళ్లు. దారిలో అమ్మాయికి నా కథ చెప్పాను, ఆమే అడిగింది కాబట్టి.

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాన్ని అమలు చేయడానికి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2002 మార్చి 1న మొదలైంది. అప్పుడు ఈ వైపు మిల్లుల్లో ‘ఆడిట్’ అంటే ఆదాయపు పన్నువాళ్లే. మేం గేటు దగ్గర ఆ మాట అనగానే లోపల లెక్కల పుస్తకాలు సర్దేవాళ్లు. మాస్టారు ఆ మాట వాడడం మానేశారు. “మీ బాయిలర్ చూడ్డానికి వచ్చామండీ” అనేవారు. బాయిలర్‌ను చూపించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆయన చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి.

2003లో నా మొదటి రిపోర్టు ఒక ఉప్పుడు బియ్యం మిల్లు మీద రాశాను. పొగగొట్టం దగ్గర మీటరు పెడితే పొగలో ఆక్సిజన్ 14 శాతం చూపించింది. పుస్తకం ప్రకారం లెక్క కడితే ఊక కాలడానికి కావలసిన గాలికి మూడింతలు పోతోందని తేలింది. ఆ అదనపు గాలి అంతా ఉత్తపుణ్యానికి వేడెక్కి గొట్టంలోంచి బయటికి పోతుంది. ‘గాలి తగ్గించాలి’ అని తొమ్మిది పేజీలు రాసి మాస్టారి చేతికిచ్చాను. ఆయన మొదటి పేజీ కూడా తిప్పలేదు.

“బూడిద ఏ రంగులో ఉంది?” అన్నారు.

నేను చూడలేదు. ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. అదే మిల్లు బూడిద, బొగ్గుపొడిలా నల్లగా ఉంది. “గాలి మూడింతలు పోతుంటే ఊక పూర్తిగా కాలి బూడిద తెల్లబడాలి. ఇది నల్లగా ఉంది. అంటే నువ్వు కొలిచిన గాలి ఊక దగ్గరికి వెళ్లలేదు. మరి ఎటునుంచి దూరింది?”

ఆ రాత్రి మళ్లీ మిల్లుకు వెళ్లాం. ఫైర్‌మన్‌తో ఒక అగరొత్తి వెలిగించమన్నారు. పొయ్యి గోడ వెంబడి దాన్ని నెమ్మదిగా జరిపితే నాలుగుచోట్ల పొగ గభాల్న లోపలికి పీల్చుకుపోయింది. ఇటుకల సందులు, సరిగా మూయని తలుపు. గాలి అక్కడినుంచి దూరి, నిప్పును తాకకుండా తిన్నగా గొట్టంలోకి పోతోంది. నేను రాసినట్టు గాలి తగ్గించి ఉంటే మంట ఇంకా చచ్చిపోయేది. మాస్టారు నన్నేమీ అనలేదు. నా చేతికి పార ఇచ్చి, ఎనిమిది గంటల షిఫ్టు ఫైర్‌మన్ పక్కన నిలబడి ఊక వేయమన్నారు. మధ్యరాత్రికి నా కనుబొమలు మాడాయి. తెల్లారేసరికి మంట పసుపు నుంచి ఎరుపుకు తిరిగే క్షణం ముందే నాకు తెలియడం మొదలైంది. ఆ ఎనిమిది గంటలకు నేనెంత రుణపడి ఉన్నానో ఇన్నేళ్లలో ఏ జీతంతోనూ కొలవలేకపోయాను.

గూడెం దగ్గరపడిందని ముందు ముక్కుకు తెలుస్తుంది. ఉల్లిపాయల లారీలు. మార్కెట్ వైపు వెళ్లే రోడ్డు పొడుగునా ఎర్రటి పొట్టు ఎగురుతుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఈ ఊళ్లో ఇంకా ఉంది. 2015లో ఎన్ఐటీ వచ్చింది. దగ్గర్లోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. ఇన్ని ఉన్నా పొద్దున్నే ఈ ఊరిని లేపేవి మిల్లులే.

మేం వెళ్లిన మిల్లు పేరు చెప్పను, యజమాని నమ్మి లోపలికి రానిచ్చారు. వడ్లను వేడినీళ్లలో గంటల తరబడి నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి దంచితే ఉప్పుడు బియ్యం. ఈ మూడు పనులకూ వేడి కావాలి, ఆ వేడి వడ్ల ఊకలోంచే వస్తుంది. టన్ను వడ్లకు రెండు వందల కిలోల ఊక దిగుతుంది. తన పొట్టుతో తనే ఉడికే గింజ అన్నమాట. ఈ సంగతి ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉంటుంది.

అమ్మాయి ముందు డ్రయ్యర్ కిందికి వంగింది. వేడినీళ్లు ధారగా కారి, ఆవిర్లు కక్కుతూ మురుగు కాలువలోకి పోతున్నాయి. ఆవిరి తన వేడి ఇచ్చేసి నీరైనదే అది, ఇంకా చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. అవతల బాయిలర్‌కు బోరు నీళ్లు చల్లగా ఎక్కుతున్నాయి. ఆమె వేళ్ల మీద లెక్క వేసింది. బాయిలర్‌లోకి వెళ్లే నీరు ఆరు డిగ్రీలు వేడెక్కిన ప్రతిసారీ సుమారు ఒక శాతం ఇంధనం మిగులుతుంది. ముప్పై డిగ్రీల నీళ్లు అరవైకి చేరితే ఐదు శాతం ఊక. “ఒక పైపు, ఒక తొట్టి, ఒక పంపు చాలు బాబాయ్” అంది కళ్లు మెరుస్తూ. నాకు మాత్రం ఊకకంటే ముందు ఆ నీళ్లు కనిపించాయి. అంత శుభ్రమైన నీరు మా ఊళ్లో మురుక్కాలువలోకి పోతుంటే నలుగురు గుమిగూడతారు.

ఇంకోవైపు పొగను లాగే ఫ్యాను. మోటారు నిండు వేగంతో తిరుగుతుంటే, దాని ముందు రేకు తలుపును సగం మూసి గాలిని ఆపుతున్నారు. కారు యాక్సిలరేటర్ నిండా తొక్కి బ్రేకు వేసుకుంటూ నడిపినట్టు. ఫ్యాను వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే అది తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వేగానికి ఘనంలో మారుతుంది కాబట్టి. అమ్మాయికి ఆ సూత్రం తెలుసు. ఆ రేకు తలుపు దగ్గర ఆగడం మాత్రం తెలియదు. ఆగమని చెప్పాను. మాస్టారు నాకు చేసింది ఇంతే. సూత్రాలు ఎవరైనా చెబుతారు, ఎక్కడ ఆగాలో పక్కన నడిచేవాళ్లు చెప్పాలి.

పొయ్యి దగ్గరి ఫైర్‌మన్ శ్రీకాకుళం వైపు మనిషి. ఏటవాలు మెట్ల మీదుగా ఊక జారుతూ కాలే పాతకాలపు పొయ్యి అది. కింద బూడిద నల్లగా ఉంది. అమ్మాయి చిటికెడు తీసి పొట్లం కట్టుకుంటుంటే ఆయన ఆశ్చర్యపోయాడు. “బూడిదని ఏటి చేసుకుంటావమ్మా?” ఆమె వాచీ చూసుకుంటూ ఐదేసి నిమిషాలకు ఆవిరి ఒత్తిడి రాసింది. చాలాసేపు ముల్లు ఎనిమిది కిలోల దగ్గర నిలకడగా ఉండి, ఉన్నట్టుండి ఐదుకు జారింది. ఆయన అప్పటికే ఊక కుమ్మరిస్తున్నాడు. మెట్లు నిండిపోయి, మంట కిందపడి, గొట్టం నల్లటి పొగ వదిలింది. “కొంచెం కొంచెంగా వేస్తే పూర్తిగా కాలుతుంది కదా పెద్దయ్యా” అని ఆమె మర్యాదగానే చెప్పింది. ఆయన తల ఊపాడు. మేం గుమ్మం దాటకముందే మళ్లీ కుమ్మరించాడు.

బయటికి వచ్చాక ఆమె ముఖం చిన్నబోయింది. అప్పుడు నేనేమీ చెప్పలేదు. చెప్పవలసిన మాట నాది కాదు, మాస్టారిది.

సాయంత్రం ఒక బండి దగ్గర ఉల్లిపాయ పకోడీలు తిన్నాం. కరకరలాడే అంచుల్లో అల్లం, పచ్చిమిర్చి. బండివాడు రెండోసారి వడ్డిస్తూ “ఇది లెక్కలోది కాదండి, రుచికి” అన్నాడు. తింటూ ఆమె అడిగింది. “ఈ పని మీద బతకొచ్చా బాబాయ్?”

బతకొచ్చు, బాగానే బతకొచ్చు అని చెప్పాను. 2004లో మొదలైన జాతీయ పరీక్షలో మొదటి మూడు పేపర్లు పాసైతే ఎనర్జీ మేనేజర్. నాలుగోది కూడా దాటితే ఆడిటర్. ఆ నాలుగో పేపరు పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసేది. సిమెంటు, ఎరువులు, ఉక్కు, కాగితం లాంటి ఎనిమిది రంగాల్లో పెద్ద ఫ్యాక్టరీలకు 2012 నుంచి ‘పాట్’ పథకం కింద ఇంధన లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం దాటి ఆదా చేసినవాళ్లు సర్టిఫికెట్లు అమ్ముకోవచ్చు, చేరనివాళ్లు కొనాలి. 2022లో చట్టాన్ని సవరించాక కర్బన వ్యాపారం కూడా వచ్చింది. కాబట్టి పనికి కొదవ ఉండదు. కానీ మొదటి ఐదేళ్లు కంపెనీని చూసి కాదు, ఎవరి పక్కన పనిచేస్తావో చూసి ఎంచుకోమన్నాను. ఇది నా గట్టి నమ్మకం. పరీక్ష పాసై, ఎయిర్ కండిషన్ గదిలో ఎక్సెల్ షీట్లు నింపుతూ, ఒక్క రాత్రి షిఫ్టు కూడా చూడకుండా పదేళ్లు గడిపినవాళ్లను చూశాను. తెలివైన పిల్లలే. వాళ్లను పొయ్యి దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు లేరు, అంతే.

అమెరికాలో 1976లో ఒక ఏర్పాటు మొదలైంది. విశ్వవిద్యాలయాల ఆచార్యులు విద్యార్థులను వెంటబెట్టుకుని చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలకు వెళ్లేవారు. ఫ్యాక్టరీకి ఖర్చు లేకుండా ఇంధన పరీక్ష చేసి రిపోర్టు ఇచ్చేవారు. ఖర్చు ప్రభుత్వానిది. ఫ్యాక్టరీకి ఆదా, కుర్రవాళ్లకు చదువు. ఎన్ఐటీ గేటు నుంచి మిల్లుల వరకు ఉన్న ఆ కాస్త దూరం చూసినప్పుడు ఇదే ఆలోచన నన్ను పట్టి పీడించింది. ఇక్కడ ప్రతి సెమిస్టరులో పదిమంది పిల్లలు, ఒక మాస్టారు, ఒక ఫైర్‌మన్ కలిసి ఒక రాత్రి గడిపితే చాలదా? ఆడపిల్లలు కూడా. రాత్రి షిఫ్టు అనగానే మిల్లు యజమాని అమ్మాయి వైపు చూసి సందేహించారు. ఆ సందేహం వెనక ఆప్యాయత ఉందని తెలుసు. కానీ దానివల్ల పోయేది ఆమె చదువు.

మర్నాడు గణపవరం మీదుగా ఆకివీడు దారి పట్టాం. చేలు సన్నగిల్లి చెరువులు మొదలయ్యాయి. రోడ్డుకు రెండువైపులా నీళ్లే. గట్ల మీద కొబ్బరి చెట్లు, మేత బస్తాల గుట్టలు, కరెంటు స్తంభాలు. తాళ్లతో కట్టిన వలల కింద పిట్టలు రాకుండా మెరిసే రిబ్బన్లు.

ఆకివీడు దాటాక ఒక ఐస్ ఫ్యాక్టరీలో ఆగాం. బొచ్చె, శీలావతి చేపల్ని పెట్టెల్లో సర్ది దూర రాష్ట్రాలకు పంపాలంటే ఐస్ లేనిదే కుదరదు. బ్యూరో చిన్న పరిశ్రమల కోసం దేశంలో కొన్ని చోట్లను ఎంచుకుని అధ్యయనం చేయించినప్పుడు అందులో భీమవరం ఐస్ ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. అమ్మోనియా కంప్రెసర్ హోరు, ఉప్పునీళ్ల తొట్టిలో వరసగా దించిన డబ్బాలు, వాటిలో గడ్డకడుతున్న నీళ్లు. ముప్పై డిగ్రీల నీటిని ఐసు చేయాలంటే కిలోకు ముప్పై కిలోకేలరీలు తీసి సున్నాకు దించాలి, తర్వాత గడ్డకట్టించడానికి మరో ఎనభై తీయాలి. మన ఇళ్లలో ఒకటిన్నర టన్ను ఏసీ అంటాం. ఆ టన్ను లెక్క పుట్టింది ఐసు దిమ్మల్లోంచే. ఒక అమెరికన్ టన్ను ఐసు ఒక రోజులో కరిగితే ఎంత చల్లదనం వస్తుందో అంత. అమ్మాయి పుస్తకంలో గంటకు 3024 కిలోకేలరీలు అని చదివిన అంకె ఇక్కడ డబ్బాలోంచి బయటికి జారింది.

ఆపరేటర్‌కు అరవై ఏళ్లుంటాయి. ఒక పైపు మీద అరచేయి, ఇంకో పైపు మీద వేళ్ల వెనుకభాగం పెట్టి చూశాడు. “గొట్టాల మీద సున్నం పట్టేసిందండి. కంప్రెసర్ ఆయాసపడతంది, వింటున్నారా?” నాకు వినిపించింది, అమ్మాయికి లేదు. ఆయన ఆమె చేయి పట్టుకోకుండా, తన చేయి ఎక్కడ పెట్టాడో ఆమె చేయి అక్కడ పెట్టేదాకా ఓపిగ్గా ఆగాడు. చల్లటి పైపు, వెచ్చటి పైపు, మళ్లీ చల్లటిది. నాలుగోసారికి ఆమె “ఇది వేడెక్కువగా ఉంది కదండీ?” అంది. “ఆయ్, అదేనండి” అని ఆయన నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. తొట్టిని అవసరానికి మించి చల్లగా పెట్టారని, ఒక్కో డిగ్రీకి మూడు శాతం దాకా కరెంటు పోతుందని ఆమె అంటే ఆయన కాదనలేదు. “అర్ధరాత్రి లారీ వచ్చి ఐసు లేదంటే ఓనరుగారికి ఏం చెప్పనండి?” అన్నాడు. ఆమె ఆ మాట రాసుకోలేదు. పెన్ను ఆగింది, అంతే.

ఉప్పుటేరు వంతెన దాటాం. కొల్లేటిలో చేరిన బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ సముద్రానికి పోయే దారి ఇదొక్కటే. మేం కైకలూరు చేరి మాస్టారి ఊరు వెళ్లేసరికి పొద్దు వాలింది.

ఆయన వాకిట్లో మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూపు బాగా తగ్గింది. నా అడుగుల చప్పుడుకే “వచ్చావటోయ్ సీమ అబ్బాయ్!” అన్నారు. అమ్మాయి కాళ్లకు దండం పెట్టి, అడక్కుండానే పొట్లం తీసి చేతిలో పెట్టింది. నేను చెప్పమనలేదు, దారిలో విన్న కథ అంత పని చేసింది. ఆయన బూడిదను బొటనవేలితో చూపుడువేలి మీద రుద్దారు. తర్వాత ఆ వేలిని తెల్లటి పంచె అంచుకు రాసి, “ఏ రంగు?” అన్నారు. “నలుపు తాతగారూ.” ఆమె కాగితం తీసి ఒత్తిడి అంకెలన్నీ చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“బాగా రాశావమ్మా. మరి ఆయన దేనికి భయపడుతున్నాడు?”

ఆమెకు అర్థం కాలేదు.

“ఊక అంటే ఆయనకు ఇష్టం లేక కుమ్మరించడు కదా. పార ఎత్తితే నడుము నొప్పి పుట్టేది ఆయనకే. అనవసరంగా ఎవడూ ఎక్కువ పని చెయ్యడు. ఏదో భయం ఉండబట్టే చేస్తాడు. ఆ భయం తెలుసుకోకుండా నువ్వు చెప్పేది ఆయనకు ఇంకో భయం అవుతుంది.”

నాకు ఈ మాట పన్నెండేళ్ల సర్వీసు తర్వాత చెప్పారు. ఆమెకు మొదటి వారంలోనే చెప్పారు. కొంచెం ఈర్ష్య కలిగింది, చాలా సంతోషం కలిగింది. రాత్రి భోజనంలో కొర్రమీను పులుసు, వేడి అన్నం, ఆఖర్న గడ్డపెరుగు. మాస్టారి కోడలు “కారం సరిపోయిందా అన్నయ్యగారూ, మీ వైపు ఎక్కువ తింటారటగా” అని మూడుసార్లు అడిగింది. మా సంగటి, ఊరుబిండి మాట చెబితే శ్రద్ధగా విని, రాగిపిండి ఎంత పాళ్లలో వేయాలో తెలుసుకుంది.

మూడు గంటలకు మాస్టారే లేపారు. “చెరువు చూడాలంటే ఇదే వేళ.” మనవడు టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాడు. పక్క చెరువు ఒక దూరపు బంధువుది, వనామీ రొయ్యలు. ఏరియేటర్ల తెడ్లు నీళ్లను కొడుతున్న హోరు ఊరంతా కమ్ముకుని ఉంది. పగలు నీటిలోని పచ్చదనం ఎండ తగిలి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదీ పీల్చుకునేదే. అందుకే సూర్యుడు రాకముందు, ఈ గంటల్లోనే నీటిలో ఊపిరి అడుగంటుతుంది. గట్టు మీద గుడిసెలో రైతు దుప్పటి కప్పుకుని మెలకువగానే ఉన్నాడు. పక్కన డీజిల్ జనరేటరు.

అన్ని తెడ్లూ ఒకేసారి తిరుగుతున్నాయి. నీటిలో ఆక్సిజన్ కొలిచే పరికరం గుడిసెలోనే వేలాడుతోంది. కొలిస్తే ఇంకా సరిపడా ఉందని తెలిసింది. అంటే సగం ఆపొచ్చు. అమ్మాయి ఆ మాట అనబోయి ఆగడం నేను చూశాను. ఆమె గట్టు మీద కూర్చుంది. “మీకు ఎప్పుడైనా ఇబ్బంది అయిందా అండి?” అంది.

ఆయన చాలాసేపటికి మొదలుపెట్టాడు. నాలుగేళ్ల కిందట ఇలాంటి రాత్రే కరెంటు పోయింది, జనరేటరు స్టార్టు కాలేదు. నలభై నిమిషాలు. తెల్లారేసరికి రొయ్యలన్నీ అంచుకు చేరి ఉన్నాయి. కూతురి పెళ్లి ఆ ఏడాది ఆగింది. “అప్పట్నుంచి కరెంటు ఉన్నంతసేపూ అన్నీ తిప్పేస్తానండి. పోయేలోపు నీళ్లలో ఎంత గాలుంటే అంత ధైర్యం.” ఆమె ఏమీ సలహా చెప్పలేదు. జనరేటరు ఆఖరుసారి ఎప్పుడు స్టార్టు చేసి చూశారని అడిగింది. ఆయన ఆలోచించాడు. ఇద్దరూ లేచి వెళ్లి, టార్చి వెలుతురులో దాన్ని స్టార్టు చేశారు. మూడోసారికి అందుకుంది. బ్యాటరీ మార్చాలని తేలింది. కాసేపటికి ఆయనంతట ఆయనే దూరంగా ఉన్న రెండు ఏరియేటర్లు ఆపాడు. మళ్లీ వేశాడు. మళ్లీ ఒకటి ఆపాడు.

తెల్లవారుతుంటే ఆటపాక వెళ్లాం. చెట్ల నిండా గూడబాతులు, గంపంత గొంతు సంచులు వేలాడేసుకుని పిల్లలకు నోట్లోంచి మేత పెడుతున్నాయి. కొల్లేరును 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో సరస్సులో ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పగలగొట్టించింది. ఇక్కడి పాతవాళ్లు ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు స్వరం మారుతుంది. పక్షుల పక్షం నిలబడాలని నాకు పూర్తిగా ఉంది. గట్లు పోయినవాళ్ల ఇళ్లలో అన్నం తిన్నాక ఆ మాట పైకి అనడానికి తడబడతాను. తూర్పు నుంచి ఎండ నీళ్లను తాకగానే దూరాన చెరువుల హోరు ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చింది. ఎవరో ఒక్కో స్విచ్చీ ఆపుతున్నారు. ఆఖరి మోటారు ఆగాక పిట్టల రెక్కల చప్పుడు వినిపించింది.

పెద ఎడ్లగాడి మీదుగా ఏలూరు తిరిగి వస్తుంటే దారిలోనే అమ్మాయి ఫోన్ తీసి గూడెం ఫైర్‌మన్‌తో మాట్లాడింది. ఇరవై నిమిషాలు. ఎక్కువగా వింది. ఆవిరి పట్టే తొట్లు రెండు ఒకేసారి తెరుస్తారట, ఖాళీ చేసే కూలీలది తొట్టికి ఇంత అనే కూలి కాబట్టి వాళ్లకు ఆగే తీరిక ఉండదు. ఒత్తిడి అప్పుడే పడుతుంది. ఒకసారి అలా పడి, గింజ మధ్యలో తెల్లగా ఉండిపోయి, లోడు వెనక్కి వచ్చింది. ఆ నెల జీతంలో కోత పడింది ఈయనకే. అందుకని ముల్లు జారకముందే, జారుతుందేమో అన్నప్పుడే పొయ్యి నింపేస్తాడు. “అయితే మందు పొయ్యిలో లేదు బాబాయ్, తొట్లు తెరిచే వరసలో ఉంది” అంది.

మేం తిరిగొచ్చి పదిహేను రోజులైంది. మిల్లు యజమాని కూలీలతో మాట్లాడి, తొట్టి తొట్టికీ మధ్య పావుగంట ఎడం పెట్టి చూస్తామన్నారు. నిన్న రాత్రి ఫైర్‌మన్ నా ఫోనుకు ఒక ఫొటో పంపాడు, అరచేతిలో గుప్పెడు బూడిద. అంచుల్లో కాస్త నెరిసింది, మధ్యలో ఇంకా నలుపే. అమ్మాయికి పంపాను. శనివారం రాత్రి షిఫ్టుకు గూడెం వెళ్తానని జవాబు రాసింది, వాళ్ల నాన్నను ఒప్పించే పూచీ మాత్రం నా మీదే పెట్టింది.